పాత 7 ఎంఎం మాగ్నంకి కొత్త బ్యారెల్: 7-300 వైల్డ్‌క్యాట్ కట్టించాలా, 7 పీఆర్‌సీతో సరిపెట్టుకోవాలా?

కొలరాడో_శీను

అందరికీ నమస్తే. నా దగ్గర పాత రెమింగ్టన్ 700 ఉంది, లాంగ్ యాక్షన్, 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నం. సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను, నాకంటే ముందు ఎవరో దాన్ని గట్టిగానే వాడేశారు. బోర్‌స్కోప్ పెట్టి చూస్తే చాంబర్ (తూటా కూర్చునే చోటు) దాటగానే ఎండిన చెరువులో నెర్రెలు విచ్చినట్టు ఉంది లోపల. గ్రూపులు (టార్గెట్ మీద బుల్లెట్లు పడే గుంపు) కూడా బాగా విచ్చుకుపోతున్నాయి. ఎలాగూ బ్యారెల్ మార్పించాలి, మారుస్తున్నప్పుడు అదే చాంబర్ మళ్లీ ఎందుకు అన్న పురుగు తొలిచేస్తోంది.

వాడకం ఏంటంటే, కొలరాడోలో ఎల్క్ (పెద్ద జింక జాతి), లైసెన్స్ దొరికిన ఏడాది వయోమింగ్ మైదానాల్లో ప్రాంగ్‌హార్న్ (జింకలాంటి జంతువు). మామూలుగా 300 గజాల లోపే కాలుస్తాను, కానీ గాలి లేని రోజు, జంతువు నిలబడి ఉన్నప్పుడు 600 దాకా ధైర్యంగా కాల్చగలిగే రైఫిల్ కావాలి. రీలోడింగ్ (తూటాలు ఇంట్లోనే నింపుకోవడం) చేస్తాను, 6.5 క్రీడ్‌మూర్‌కి, .300 విన్ మాగ్‌కి. విన్ మాగ్ రైఫిల్ అమ్మేశాను కానీ దాని లపువా ఇత్తడి కేసులు మాత్రం బోలెడు మిగిలాయి, సగం కొత్తవే.

నా లిస్టులో ఉన్న వైల్డ్‌క్యాట్‌లు (కంపెనీలు అమ్మనివి, వేరే కేసుని మార్చి సొంతంగా చేసుకునే తూటాలు) 7-300 విన్ మాగ్ (అంటే .300 విన్ మాగ్ కేసుకి మెడ నొక్కి 7 ఎంఎం బుల్లెట్ పెట్టడం), 6.5-300 విన్ మాగ్, 25 పీఆర్‌సీ. రేంజ్‌లో ఒకాయన 7-300తో 180 గ్రెయిన్ (బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్‌ని సెకనుకి 3,100 అడుగుల పైనే తోస్తున్నానన్నాడు, అది విన్న దగ్గర్నుంచి నిద్ర పట్టట్లేదు. ఇంట్లో ఆవిడ మాత్రం "ఉన్నదానికి ఏమైంది" అంటోంది. కాల్చి చూసినవాళ్లు చెప్పండి.

బోజ్మన్_బాబాయ్

శీనూ, ముందు మీ ఆవిడ అడిగినదానికి జవాబు చెప్పుకో, తర్వాత వైల్డ్‌క్యాట్ సంగతి చూద్దాం.

వేగం పిచ్చి అందరికీ ఉండేదే. కాగితం మీద లెక్క వేసి చూడు. 7 పీఆర్‌సీ ఫ్యాక్టరీ తూటా, 175 గ్రెయిన్ ఈఎల్‌డీ-ఎక్స్ రకం బుల్లెట్, సెకనుకి 3,000 అడుగులు. సముద్రమట్టం దగ్గర లెక్కేస్తే గంటకి 10 మైళ్ల అడ్డగాలిలో 600 గజాల దగ్గర అది సుమారు 20-21 అంగుళాలు పక్కకి పోతుంది. అదే బుల్లెట్‌ని వైల్డ్‌క్యాట్‌లో పెట్టి ఇంకో 150 అడుగుల వేగం పిండావనుకో. గాలికి పోయేది ఒక అంగుళం, మహా అయితే అంగుళంన్నర తగ్గుతుంది. కిందకి పడేది అయిదారు అంగుళాలు తగ్గుతుంది, కానీ ఆ పడటం ఇవాళ ఎవడికీ సమస్య కాదు, రేంజ్‌ఫైండర్ దూరం చెబుతుంది, స్కోప్ మీద క్లిక్కులు తిప్పుతావు, అయిపోయింది. గాలినే ఏ యంత్రమూ చెప్పదు. లోయకి అవతల గడ్డి ఊగడం చూసి 7 మైళ్లు అనుకున్నది నిజంగా 10 అయితే అక్కడికక్కడే 6 అంగుళాలు తప్పావు. ప్రాంగ్‌హార్న్ గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు మొత్తం కలిపి 8-10 అంగుళాలు, మధ్యలోంచి 6 అంగుళాలు జరిగితే గాయపడ్డ జంతువు వెనకాల చీకటి పడేదాకా నడవాలి. నువ్వు డబ్బు పోసి కొంటున్నది అంగుళంన్నర, గాలి చదవడం రాకపోతే పోయేది ఆరు.

ఇంకోటి. మీ కొలరాడోలో ఎల్క్ ఉండేది తొమ్మిది, పది వేల అడుగుల ఎత్తులో. 9,000 అడుగుల దగ్గర గాలి సముద్రమట్టం కంటే దాదాపు పావు వంతు పలచన. అక్కడ నీ క్రీడ్‌మూర్ కూడా డబ్బా మీది టేబుల్ కంటే బాగా పోతుంది. పైసా ఖర్చు లేకుండా వచ్చే లాభం అది, బ్యారెల్ కూడా అరగదు.

నా మాట 7 పీఆర్‌సీ. 2022లో వచ్చింది, నీ బోల్ట్ ఫేస్ (కేసు అడుగుని పట్టుకునే బోల్ట్ ముందు భాగం) సరిగ్గా సరిపోతుంది, నీ మాగజైన్‌లో పడుతుంది, తూటాలు షాపులో దొరుకుతాయి.

ఇత్తడి_గోపి

బాబాయ్ లెక్కలో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఆ లెక్కే పట్టుకుంటే మనందరం .30-06 దగ్గరే ఆగిపోయేవాళ్లం, ఆ మాటకొస్తే ఎల్క్‌కి అది చాలదని ఎవడూ నిరూపించలేదు కూడా.

ఇవాళ షాపులో డబ్బాల్లో దొరికేవాటిలో చాలా ఒకప్పటి వైల్డ్‌క్యాట్‌లే అని మర్చిపోవద్దు. .22-250ని రెమింగ్టన్ 1965లో తన పేరు తగిలించి అమ్మడం మొదలుపెట్టింది, అంతకుముందు కొన్ని దశాబ్దాలు అది గన్‌స్మిత్‌ల షెడ్లలో పెరిగిందే. .25-06 అంతకంటే పాతది, 1920ల నుంచి జనం చేసుకుంటూ ఉంటే కంపెనీ గుర్తింపు 1969లో వచ్చింది. .35 వీలెన్ 1988లో. గన్‌స్మిత్ పీ.ఓ. యాక్లీ గారి .280 ఇంప్రూవ్డ్‌ని నోస్లర్ కంపెనీ పూనుకుని ప్రామాణికం చేయిస్తే ఇప్పుడు దానికి ఫ్యాక్టరీ రైఫిళ్లే వస్తున్నాయి. అందుకని వైల్డ్‌క్యాట్ అంటే పిచ్చిపని అన్నట్టు మాట్లాడకండి.

శీనన్నా, నీ లిస్టు సంగతి. 6.5-300 కొట్టేయ్. అంత పెద్ద కేసులోని మందు (గన్‌పౌడర్) అంతా అంత సన్న గొట్టంలోంచి పోవాలంటే గొంతు (చాంబర్ దాటగానే ఉండే భాగం) కాలిపోక ఏమవుతుంది, వెయ్యి తూటాలు కూడా రాకుండానే మళ్లీ బ్యారెల్ మార్చేవాళ్లని చూస్తున్నాం. 25 పీఆర్‌సీ ప్రాంగ్‌హార్న్‌కి అద్భుతం, ఎల్క్‌కి చట్టప్రకారం ఇబ్బంది లేదు (కొలరాడోలో కనీసం .24 క్యాలిబర్, ఎల్క్ అయితే 85 గ్రెయిన్ల బుల్లెట్, 100 గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలి), కానీ 600 గజాల దగ్గర పెద్ద మగ ఎల్క్ భుజం ఎముక అడ్డొస్తే నాకు 7 ఎంఎం బుల్లెటే ధైర్యం. పైగా దానికి 6.5 పీఆర్‌సీ ఇత్తడి మళ్లీ కొనాలి.

7-300కి ఇత్తడి నీ ఇంట్లోనే ఉంది. అందుకే దానికి నా ఓటు. వైల్డ్‌క్యాట్ ఎంచుకునేటప్పుడు ముందు అడగాల్సింది ఎంత వేగం అని కాదు, తల్లి కేసు ఏది, దాన్ని ఎవరు తయారు చేస్తున్నారు, ఇంకో పదేళ్లకి కూడా దొరుకుతుందా అని. .300 విన్ మాగ్ 1963 నుంచి ఉంది, లపువా, పీటర్సన్, ఏడీజీ అందరూ చేస్తారు. చేసే పద్ధతి కూడా తేలిక. యాక్లీ రకాల్లో అయితే కేసుని ఆ చాంబర్‌లో పేల్చి ఉబ్బించుకోవాలి, ఇందులో ఆ గొడవ లేదు. లూబ్ రాసి 7-300 సైజింగ్ డైలో ఒకసారి లోపలికి తోస్తే మెడ 7 ఎంఎంకి దిగిపోతుంది.

కానీ ఒక్కచోట మాత్రం ఆగి కొలవాలి. మెడ నొక్కినప్పుడు ఆ ఇత్తడి ఎక్కడికీ పోదు, గోడ కాస్త మందమవుతుంది. బుల్లెట్ పెట్టాక మెడ బయటి కొలత తీసుకుని, చాంబర్ మెడ దానికంటే అంగుళంలో వెయ్యింట మూడు నాలుగు వంతులైనా ఎక్కువ ఉందో లేదో చూసుకో. లేకపోతే పేల్చినప్పుడు మెడ విచ్చుకోవడానికి చోటుండదు, బుల్లెట్‌ని వదలదు, ప్రెషర్ ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పలేరు. చోటు చాలకపోతే మెడలు టర్న్ చేయాలి (గోడని బయటనుంచి చెక్కి పలచన చేయాలి), అది విసుగు పని కానీ తప్పదు.

న్యూజెర్సీ_నాయుడు

మీరంతా రాకీస్ పక్కనే కూర్చుని మాట్లాడుతున్నారు. మేం విమానం ఎక్కి రావాలి. రైఫిల్ తాళం వేసిన గట్టి పెట్టెలో చెక్-ఇన్, తూటాలు కూడా చెక్-ఇన్‌లోనే, ఎక్కువ ఎయిర్‌లైన్లలో 11 పౌండ్ల లోపు. రైఫిల్ వచ్చి తూటాల సంచి రాకపోతే? వయోమింగ్‌లో చిన్న ఊరి హార్డ్‌వేర్ షాపులో .30-06, .270, 7 ఎంఎం మాగ్నం, ఇప్పుడైతే క్రీడ్‌మూర్ ఉంటాయి. మీ 7-300 ఏ షాపులోనూ ఉండదు. నాతో వచ్చిన ఒకాయన ఇలాగే వేరేవాళ్ల రైఫిల్ అడుక్కుని తిరిగాడు. శీను గారు కారులో వెళ్లేవారు కాబట్టి వారికి ఈ టెన్షన్ లేదు, చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నా.

ఆస్టిన్_అవినాష్

సబ్జెక్ట్‌కి కాస్త పక్కన, క్షమించాలి. నేను హెచ్-1బీ మీద ఉన్నాను. మా ఆఫీసులో వేటకి వెళ్లేవాళ్లు రమ్మంటున్నారు. నేను రైఫిల్ కొనొచ్చా? కనీసం వాళ్లది పట్టుకుని కాల్చొచ్చా? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

బోజ్మన్_బాబాయ్

అవినాష్, ఇది పక్కన పెట్టే ప్రశ్న కాదు, మనవాళ్లు చాలామంది తెలియక ఇరుక్కునేది ఇక్కడే. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. మినహాయింపులున్నాయి, మనకి పనికొచ్చేది ఏంటంటే అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ గడువు తీరకుండా చేతిలో ఉండటం. కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో ఈ సంగతి అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు రాయాలి. ఇది కొన్నరోజుతో తీరిపోయేది కాదు, లైసెన్స్ గడువు అయిపోయి రైఫిల్ మాత్రం ఇంట్లో ఉంటే చిక్కే. స్నేహితుడి తుపాకీ చేతిలోకి తీసుకున్నా ఇదే లెక్క అనుకుని జాగ్రత్తపడు. దీనిపైన రాష్ట్రాల చట్టాలు వేరే ఉంటాయి. వీసా భవిష్యత్తుతో ముడిపడ్డది, లాయర్‌కి ఓ గంట ఫీజు ఇచ్చి అడుగు, ఇక్కడ మా మాటల మీద నడవకు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఈ అడ్డు లేదు.

నల్లమల_పాతకాపు

నేను ఆత్మకూరు నుంచి చదువుతుంటాను. ఇక్కడ 1972 వన్యప్రాణి చట్టం కింద ఇప్పుడు సరదా వేట అన్నది లేదు, పంటలు తినేసే అడవిపందుల్ని ప్రభుత్వ అనుమతితో కాల్చేవాళ్లు తప్పిస్తే. కాబట్టి కాల్చిన అనుభవంతో చెప్పలేను, చదివినదే.

మీరు వేగం కోసం కేసుల మెడలు నొక్కుతున్నారు, మన దేశం పేరు చెప్పుకుని ఒకప్పుడు చట్టం కోసం కొత్త తూటాలు పుట్టాయి. గత శతాబ్దం మొదట్లో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలోనూ సూడాన్‌లోనూ .450 క్యాలిబర్ తూటాలని నిషేధించింది, తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న పాత మార్టినీ-హెన్రీ తుపాకులకి ఆ బుల్లెట్లు పనికొస్తాయని భయం. దాంతో ఇంగ్లండ్ కంపెనీలు ఏనుగు రైఫిళ్ల కోసం .470, .465 లాంటివి తయారు చేసుకున్నాయి. మన ఇషాపూర్ .315 రైఫిల్ కథ కూడా అలాంటిదే. సైన్యం వాడే .303 పౌరులకి ఇవ్వరు కాబట్టి అదే లీ-ఎన్‌ఫీల్డ్ యాక్షన్ మీద ఆస్ట్రియా వాళ్ల 8 ఎంఎం మాన్లిచర్ తూటాకి చాంబర్ వేశారు. మా వైపు లైసెన్స్ ఉన్న పెద్ద ఇళ్లలో గోడకి వేలాడేవి ఎక్కువగా అవే.

సరే, మీ వేగం గొడవ మీరు కానివ్వండి.

కొలరాడో_శీను

పాతకాపు గారూ, మా తాతయ్య వాళ్లింట్లో ఉండేది .315 అని తెలుసు కానీ ఆ నంబర్ వెనక ఇంత ఉందని ఇప్పుడే తెలిసింది, థాంక్యూ.

బాబాయ్, గాలి లెక్క నేనూ వేసి చూశాను, మీరు చెప్పినట్టే వస్తోంది. 600 గజాలకి ప్రాక్టీస్ చేయడానికి చోటు వెతుక్కోవడం ముందు పని అని ఒప్పుకుంటున్నా. అయినా 7-300 మీదే మనసుంది. వేగం కోసం కాదు, సరే, కొంచెం వేగం కోసమే, కానీ డబ్బాల కొద్దీ ఇత్తడి షెల్ఫ్‌లో పడి ఉండగా మళ్లీ పీఆర్‌సీ ఇత్తడి కొనడానికి చెయ్యి రావట్లేదు. నాకు డౌట్ మందు మోతాదు దగ్గర. రీలోడింగ్ మాన్యువల్‌లో 7-300 పేజీయే లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? రేంజ్ ఆయన తన లోడ్ రాసిస్తానన్నాడు.

బోజ్మన్_బాబాయ్

ఆయన రాసిచ్చింది జేబులో పెట్టుకుని ఇంటికెళ్లి చించెయ్. ఆయన మంచివాడే అయ్యుండొచ్చు, ఆయన చాంబర్ నీది కాదు. ఒకే రీమర్‌తో (చాంబర్ కోసే పనిముట్టు) కోసినా రెండు బ్యారెళ్లు ఒకలా ఉండవు, గొంతు పొడవు వేరు, ఇత్తడి లోపలి కొలత వేరు, ఆయన దగ్గర సేఫ్ అయినది నీ దగ్గర బోల్ట్ బిగించేస్తుంది. 7 పీఆర్‌సీకి గరిష్ఠ ప్రెషర్ 65,000 పీఎస్ఐ అని ప్రమాణం ఉంది, ల్యాబ్‌లో కొలిచి మాన్యువల్ రాస్తారు. నీదానికి ఆ ల్యాబ్ లేదు. వైల్డ్‌క్యాట్ అసలు ధర ఇదీ, బ్యారెల్, డైలు కాదు.

అందుకని చెయ్యాల్సింది. ముందు ఆ బ్యారెల్ తయారుచేసేవాళ్లనీ గన్‌స్మిత్‌నీ, మందు కంపెనీ హెల్ప్‌లైన్‌నీ అడుగు, కొన్నిసార్లు వాళ్ల దగ్గర అచ్చులో లేని సమాచారం ఉంటుంది. ఏ అంకెతో మొదలుపెట్టినా బాగా కిందనుంచి మొదలుపెట్టు, ఒక్కో మెట్టూ ఎక్కు, ప్రతి తూటాకీ క్రోనోగ్రాఫ్ (వేగం కొలిచేది) చూడు. నీ బ్యారెల్ పొడవుకి రావాల్సినదానికంటే వేగం ఎక్కువ వస్తోందంటే సంబరపడొద్దు, ప్రెషర్ ఎక్కువున్నట్టే. వేగం ఊరికే రాదు. బోల్ట్ హ్యాండిల్ బరువుగా లేస్తున్నా, కేసు అడుగున ఎజెక్టర్ (కేసుని బయటకి తోసే పిన్) గుండ్రటి గుర్తు మెరుస్తున్నా అప్పటికే దాటిపోయావు, ఆగి ఒకటి రెండు మెట్లు కిందకి రా. ఇంకోటి, జులైలో మైదానంలో ఎండకి లోడ్ తేల్చి నవంబర్‌లో కొండమీద మంచులో కాలుస్తావు, వేడికి చలికి పెద్దగా మారని మందు ఎంచుకో. హెచ్1000, రెటంబో జనం ఎక్కువగా వాడేది అందుకే.

నీ దగ్గర ఇత్తడి ఉంది, చేతికి పని కావాలి, అర్థమైంది. అలా అయితే కట్టించుకో, నేను వద్దనను. పక్కింటాయన కంటే 100 అడుగులు ఎక్కువ రావాలని మాత్రం తోయకు.

ఇత్తడి_గోపి

బాబాయ్ మెత్తబడ్డాడు, స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

శీనన్నా, ఇంకో ప్రమాదం ఎవరూ చెప్పలేదు. నీ కేసు అడుగున ముద్ర .300 విన్ మాగ్ అనే ఉంటుంది, లోపల మాత్రం 7 ఎంఎం బుల్లెట్. పొరపాటున అది ఎవరి .300 విన్ మాగ్ రైఫిల్‌లోకో వెళ్తే చాంబర్‌లో కూర్చుంటుంది, పేలుతుంది, సన్న బుల్లెట్ లావు గొట్టంలో ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. క్యాంప్‌లో అందరి తూటాలూ ఒకే టేబుల్ మీద ఉంటాయి. వేరే రంగు డబ్బాలు పెట్టు, ప్రతి డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాయి, ప్రైమర్ మీద మార్కర్‌తో గుర్తు పెట్టేవాళ్లూ ఉన్నారు. బ్యారెల్ మీద కూడా 7-300 అని, చాంబర్ మెడ కొలతతో సహా చెక్కించు. రేపు ఆ రైఫిల్ నీ పిల్లల చేతికో కొనేవాడి చేతికో వెళ్తే వాళ్లకి తెలియాలి కదా.

రీమర్ మాట్లాడే ముందు ఏ బుల్లెట్ కాలుస్తావో తేల్చేసుకో. మందు లేకుండా, ప్రైమర్ లేకుండా ఒక డమ్మీ తూటా చెయ్యి, నీ మాగజైన్‌లో రాసుకోకుండా పట్టేంత పొడవులో బుల్లెట్ కూర్చోబెట్టు, దాన్ని గన్‌స్మిత్‌కి పంపించు, గొంతు దానికి తగ్గట్టు కోస్తాడు. ఇది చెయ్యకపోతే బుల్లెట్ బ్యారెల్ లోపలి గీతల్ని అందుకునేలోపు మాగజైన్ చాలదు, ఒక్కొక్క తూటా చేత్తో వేసుకుంటూ ఎల్క్ వెంట పడాలి.

కొలరాడో_శీను

డమ్మీ చేస్తాను, 175 ఈఎల్‌డీ-ఎక్స్ పెట్టి. 600 దగ్గర కూడా అది విచ్చుకునేంత వేగం మిగులుతుంది కదా? ఇంకా ట్విస్ట్ (బ్యారెల్ లోపలి గీతలు ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయో) ఎంత పెట్టించను? పాతది తొమ్మిదింపావు.

బోజ్మన్_బాబాయ్

అది విచ్చుకోవడానికి సెకనుకి 1,800 అడుగుల దాకా ఉంటే చాలు, నీకు 600 గజాల దగ్గర 2,000కి పైనే ఉంటుంది, ఆ ఎత్తులో ఇంకా ఎక్కువ. ట్విస్ట్ ఎనిమిది పెట్టించు. తొమ్మిదింపావు 160 గ్రెయిన్ల కాలంది, పొడుగు బుల్లెట్లకి చాలదు.

న్యూజెర్సీ_నాయుడు

ఆ పాత బ్యారెల్ పారేస్తుంటే నాకు చెప్పండి శీను గారూ. గొంతు పోయిన భాగం కోయించి మళ్లీ చాంబర్ వేయించుకునేవాళ్లు మా వైపు ఒకరున్నారు.